సొంత గోడకి ఒక మేకు

దయ్యాలంటే నాకు నవ్వొస్తుంది. పోయినవాళ్ళు తిరిగి రారని చిన్నప్పుడు నేర్పింది మా అమ్మీయే. అందుకే ఈ సంగతి ఎవరికైనా చెప్పాలంటే ఇప్పటికీ తటపటాయిస్తాను.

మాది బందరు. అమ్మీ ఇంట్లోనే కూర్చుని రోల్డ్‌గోల్డ్ కమ్మలకి రాళ్ళు అతికేది. బతికినంత కాలం అద్దె ఇళ్ళే. ఎక్కడికి మారినా ఓనరుగారు మొదట చెప్పేది ఒకటే మాట.

"గోడలకి మేకులు కొట్టొద్దమ్మా, సున్నం రాలిపోద్ది."

అందుకే అమ్మీకి తన పెళ్ళిలో వాళ్ళమ్మ ఇచ్చిన, దుఆ అంటే ప్రార్థన రాసున్న ఫ్రేము ఎప్పుడూ బీరువా మీదే, గోడకి ఆనించి ఉండేది. ఫ్యాను గాలికి ఎన్నిసార్లు బోర్లా పడిందో.

పెళ్ళయ్యాక నేనూ మా ఆయనా వచ్చిన మెల్‌బోర్న్‌లోనూ ఏళ్ళ తరబడి అద్దెకే ఉన్నాం. ఇక్కడా మేకుల గొడవే. చివరికి ఊరవతల చిన్న ఇల్లు కట్టించుకోవడం మొదలుపెట్టాం. వీడియో కాల్‌లో గోడలు చూపించినప్పుడల్లా అమ్మీ ఒక్కటే అడిగేది.

"మేకు దిగుద్దా బేటా?"

దిగుద్ది, నువ్వే వచ్చి కొడుదువుగాని అనేదాన్ని. అమ్మీకి టికెట్టు కూడా తీశాం. తాళాలు చేతికి రాకముందే అమ్మీ పోయింది. బందరు వెళ్ళి, తిరిగొస్తూ ఆ ఫ్రేము నా బట్టల మధ్య పెట్టి తెచ్చుకున్నాను.

ఇల్లు అప్పగించిన రోజు బిల్డరు మనిషిని, మేకులు కొట్టుకోవచ్చా అని అడిగాను. అలవాటు అలాంటిది మరి. అతను వింతగా చూసి, ఇల్లు మీదేగా అన్నాడు. కారులో కూర్చుని బాగా ఏడ్చాను.

లోపాలుంటే చూపించడానికని మా ఆయన ఆ రోజు ప్రతి గోడనీ వీడియో తీశారు. అందులో హాలు గోడ నున్నగా, ఖాళీగా ఉంది. తాళాలన్నీ మా దగ్గరే ఉన్నాయి. శనివారం పట్టపగలు సామాన్లతో వెళ్ళేసరికి ఆ గోడకి ఒక మేకు ఉంది. మేం కొన్న మేకుల డబ్బా ఇంకా విప్పనేలేదు. బిల్డరుని అడిగితే మావాళ్ళెవరూ రాలేదన్నాడు.

మేకు నా గడ్డం కంటే కిందకి ఉంది. కాస్త పక్కకి ఒరిగి ఉంది. బందరులో ఉన్న చెల్లికి ఫోన్లో చూపించాను.

"అంత కిందకి ఎవరు కొట్టారు ఆపా?" అని నవ్వబోయి ఆగిపోయింది. "అమ్మీ మేకు కొడితే అక్కడికేగా అందేది" అంది.

అమ్మీ బాగా పొట్టి. పైగా ఎడమచేతి వాటం, కొడితే మేకు అలాగే పక్కకి ఒరుగుతుంది.

ఆ మేకుకే ఫ్రేము తగిలించాను. ఇక్కడి గోడలు బోలు పలకలు, వెనక చెక్క ఉంటేనే మేకు నిలుస్తుంది. తర్వాత కరెంటు పనికి వచ్చినాయన గోడ తట్టి చూసి, ఇక్కడ చెక్క లేదే, ఇంత బరువు ఎలా ఆగుతోంది అన్నాడు. ఆ ఫ్రేము ఇప్పటిదాకా ఒక్కసారి కూడా పడలేదు.

ఎవరు కొట్టారో నాకు తెలియదు. పోయినవాళ్ళు రారనే ఇప్పటికీ నమ్ముతాను. కానీ అమ్మీ మీద బెంగ తీరలేదు. మిగతా గోడలకి మా ఆయన్ని మేకులు కొట్టనివ్వలేదు. అడిగితే తర్వాత చూద్దాం అంటాను.

సుత్తి మాత్రం కింది అరలో, అమ్మీకి అందేలా పెట్టి ఉంచాను.