ఓడ మీద వచ్చే డాక్టరు

"ఆయన ఆ సబ్జెక్టులో ప్రొఫెసర్ అండీ, ఇంక ఆయన్ని మించిన పనివాడు ఎవడుంటాడు" అని ఎవరైనా అంటే నాకు కూర్చున్న చోట నిలకడ ఉండదు. లేచి నీళ్ళు తాగుతాను. కిటికీ తీస్తాను, మళ్ళీ వేస్తాను. నేనూ స్కూల్లో కొన్నాళ్ళు, కాలేజీలో చాలా ఏళ్ళు పాఠాలు చెప్పి రిటైరైనదాన్నే, కాబట్టి ఆ మాటలో నాకూ కాస్త మెప్పు ఉన్నట్టే. అయినా ఒప్పుకోబుద్ధి కాదు. అలాగని కాదనడానికీ నోరు రాదు. నన్ను ఇలా ఎటూ కాకుండా చేసింది మా నాన్న కన్ను.

నాన్న స్వాతంత్ర్యం వచ్చాక కళింగపట్నం వైపు నుంచి పోర్ట్ బ్లెయిర్ వచ్చాడు. హార్బర్‌లో జనాన్ని ఈ ఒడ్డు నుంచి హోప్ టౌన్ ఒడ్డుకు దాటించే సర్కారు లాంచీకి సరంగు, అంటే దాన్ని నడిపేవాడు. ఉద్యోగం చివరి రోజుల్లో మోకు తెగి ముఖం మీద కొట్టి ఎడమ కన్ను పోయింది. మిగిలిన కుడి కంటికి తర్వాత శుక్లం పట్టడం మొదలైంది. మొదట లాంచీ పేర్లు చదవలేకపోయాడు, తర్వాత ముఖాలు పోయాయి, చివరికి వెలుగూ చీకటీ మిగిలాయి. అమ్మ అప్పటికే లేదు. డైరీ ఫార్మ్ అనే పేటలో స్కూలు తరఫున నాకిచ్చిన క్వార్టర్‌లో గోడలు తడుముకుంటూ తిరిగేవాడు. ఉన్నది ఒక్క కన్ను. ఆపరేషన్ బాగా జరిగితే చూపు, లేదంటే బతికినన్నాళ్ళూ చీకటి.

పెద్దాసుపత్రిలో అప్పటికి కంటి డాక్టరు ఒక్కడే. హోప్ టౌన్ తెలుగువాళ్ళ అబ్బాయి, దీవిలో పుట్టి పెరిగినవాడు. మెయిన్‌లాండ్‌లో చదువుకుని వచ్చి ఇక్కడే చేరాడు. నేను డాక్టర్ భయ్యా అనేదాన్ని. నాన్నని మామా అని పిలిచేవాడు. ఎన్ని కళ్ళు బాగుచేశాడో ఊరంతా చూసింది. కానీ పెరటి చెట్టు మందుకు పనికిరాదంటారు కదా, నాన్న దగ్గర ఆయన పేరెత్తితే చాలు, నవ్వేవాడు.

"ఆడా? ఆడు స్కూలుకెల్లినప్పుడు రోజూ నా లాంచీలో వాంతి సేసుకునీవోడు. ఆడి సేతిలో నా కన్నెట్టమంటావేటి?"

నాన్న ఒక్కడిదే తప్పనను. దీవుల్లో మా అందరికీ ఉన్న జబ్బే అది. ఓడ మీద వచ్చిందే మంచిదని నమ్మకం. ఉల్లిపాయలు ఓడ మీద రావాలి, పెళ్ళి చీర ఓడ మీద రావాలి, ఉద్యోగంలో పైఅధికారి ఓడ మీద రావాలి. ఇక్కడ మొలిచింది ఏదైనా సరే, మరొకటి దొరికేదాకా సర్దుకోవడానికే. ఓడ కూత వినిపిస్తే కుక్కర్ పొయ్యి మీద వదిలేసి జెట్టీకి పోయిన ఇళ్ళు నాకు తెలుసు.

అలాంటి రోజుల్లో ఒక కబురు వచ్చింది. వైజాగ్ నుంచి ఓడలో కంటి వైద్యం ప్రొఫెసర్ ఒకాయన వస్తున్నాడు, ఆసుపత్రిలో కొన్నాళ్ళు ఉండి కేసులు చూస్తాడు. మా డాక్టర్ భయ్యాకి చదువు చెప్పింది ఆయనే. ఇంక నాన్న పట్టుదల చెప్పాలా.

"గురువే వస్తంటే సేలాతో పనేటి? నానాగుతాను."

డాక్టర్ భయ్యా ఇంటికొచ్చి నేల మీద కూర్చుని మరీ బతిమాలాడు. "మామా, శుక్లం బాగా పండిపోయింది. ఇంకా ఆగితే లోపలే చితికి ప్రెజర్ ఎక్కుద్ది. నొప్పి మొదలైందంటే నరం దెబ్బతింటది, అప్పుడు పోయిన చూపు ఏ డాక్టరూ తేలేడు. సచ్ బోల్తా హూఁ."

"జహాజ్ వచ్చీస్తాది కదరా, ఛోడో" అన్నాడు నాన్న.

జహాజ్ రాలేదు. సముద్రంలో తుఫాను, బయలుదేరలేదన్నారు. బయలుదేరింది కానీ ఇంజన్ మరమ్మతు అన్నారు. స్కూలు వదలగానే నేను హార్బర్ ఆఫీసుకి పరిగెత్తేదాన్ని. అక్కడి గుమాస్తా నన్ను చూస్తూనే చెయ్యి ఊపేవాడు, "నహీ ఆయా దీదీ, ఘర్ జావో." ఇంటికి వెళ్ళేదాన్ని కాదు. జెట్టీ చివరిదాకా నడిచి, ఏమీ లేని సముద్రాన్ని చూసి, వెనక్కి వచ్చి మళ్ళీ అదే గుమాస్తాని అడిగేదాన్ని. రాత్రుళ్ళు నిద్ర పట్టేది కాదు, క్లాసులో చెప్పిన లెక్కే మళ్ళీ చెప్పేదాన్ని. నాన్న మాత్రం వరండాలో కూర్చుని, వచ్చిన వాళ్ళందరికీ ప్రొఫెసర్ గురించి తను చూసినట్టే చెప్పేవాడు.

ఒక ఉదయం నాన్న చాయ్ గ్లాసు ముట్టుకోలేదు. నుదురు అరచేత్తో నొక్కి పట్టుకుని ఉన్నాడు. ఏమైందంటే ఏం లేదన్నాడు. నాకర్థమైంది. "నొప్పి వచ్చింది కదా? ఇప్పుడైనా వెళ్దాం పద" అని వీధికంతా వినిపించేలా అరిచాను. తలుపు పట్టుకుని కూర్చుండిపోయాడు, కదలలేదు. ఆ మొండితనం మీద నాకు వచ్చినంత కోపం మళ్ళీ ఎవరి మీదా రాలేదు. డాక్టర్ భయ్యా వచ్చి ప్రెజర్ తగ్గడానికి మాత్రలిచ్చి వెళ్ళిపోయాడు.

నొప్పి తగ్గుతూ పెరుగుతూ ఉండగానే ఓడ వచ్చింది. దిగినవాళ్ళలో ప్రొఫెసర్‌ని గుర్తుపట్టడం కష్టం కాలేదు. సన్నగా, పాలిపోయిన ముఖంతో, రెయిలింగ్ వదలకుండా దిగుతున్నాడు. దారంతా వాంతులేనట. ఈ సంగతి నాన్నకి చెప్పదలచుకోలేదు.

మర్నాడు ఆసుపత్రిలో నాన్నని స్టూలు మీద కూర్చోబెట్టి, చుట్టూ డాక్టర్లనీ నర్సులనీ నిలబెట్టి, ఆయన ఆ కంటి గురించి మాట్లాడాడు. గుమ్మం దగ్గర నిలబడ్డ నాకు కూడా కన్ను ఎలా చూస్తుందో, ఎందుకు చూడలేకపోతోందో పూసగుచ్చినట్టు అర్థమైంది. అంత బాగా పాఠం చెప్పినవాణ్ణి నేను ఆ తర్వాత చూడలేదు. నాన్న ముఖం వెలిగిపోతోంది. అప్పుడు ప్రొఫెసర్ చేతులు తుడుచుకుని, "రేపు పొద్దున్నే చేసేద్దాం. మీ డాక్టరే చేస్తాడు, నేను పక్కనుంటాను" అన్నాడు.

నాన్న స్టూలు మీద నుంచి లేచిపోయాడు. "నీ కోసం ఆగినాను బాబూ. ఆడి సేత సేయించుకోడానికైతే ఇన్నాళ్ళు ఈ నొప్పి పడ్డమెందుకు? అమ్మీ, ఇంటికి పోదాం పద."

"కూర్చోండి పెద్దాయనా" అన్నాడు ప్రొఫెసర్. "నాకు వచ్చిన పని పాఠం చెప్పడం. చాలా ఏళ్ళుగా కోసేది నా దగ్గర చదివే పిల్లలు. నేను చూస్తాను, తిడతాను. ఇతను ప్రతి వారం కోస్తున్నాడు. నేను చేస్తే మీకు నా పేరు దక్కుతుంది. చూపు దక్కుతుందో లేదో చెప్పలేను."

నాన్న ఆ గొంతు వచ్చిన వైపు తిరిగాడు. "ఒకటడుగుతాను, నిజం సెప్పు. ఈ కన్ను నీదే అయితే ఎవులి సేత కోయించుకుంటావు?"

ప్రొఫెసర్ తన చేతుల వైపు చూసుకున్నాడు.

"నా దగ్గర చదివినవాళ్ళలో ముగ్గురున్నారు. వాళ్ళలో ఎవరైనా సరే."

"ఈడున్నాడేటి ఆళ్ళలో?"

"లేడు."

డాక్టర్ భయ్యా తల దించుకున్నాడు. నాకు ఒళ్ళు మండిపోయింది. అందరి ముందూ, అందులోనూ పేషెంటు ముందు, ఇలా అనే పెద్దమనిషి ఉంటాడా?

"ఆ ముగ్గురూ ఇక్కడ లేరు" అన్నాడు ప్రొఫెసర్, గొంతు పెంచకుండానే. "వాళ్ళ కోసం ఆగే టైము మీ కంటికి లేదు. ఈ ఆసుపత్రిలో ఆ కన్ను ముట్టుకోదగ్గ చెయ్యి ఇతనిదే. నాది కాదు."

నాన్న తడుముకుని మళ్ళీ స్టూలు మీద కూర్చున్నాడు. "ఠీక్ హై. కోసీయండి" అన్నాడు. ఎందుకు ఒప్పుకున్నావని తర్వాత అడిగాను. "నన్ను బుజ్జగించాలంటే ఆ గురువు ఈడే గొప్పోడనీసీవోడు. అన్నేదు కదా" అన్నాడు.

నాకు మాత్రం మనసు సర్దుకోలేదు. వరండాలో డాక్టర్ భయ్యాని పట్టుకుని, ఆ మాటకి కోపం రాలేదా అని అడిగాను. "ఆ ముగ్గురూ నాకు తెలుసు చెల్లీ. సార్ అబద్ధం చెప్పలేదు" అన్నాడు. వెళ్ళబోతూ వెనక్కి తిరిగి, "కోపం వచ్చింది. రేపు పనయ్యాక కోప్పడతాను" అన్నాడు.

ఆపరేషన్ జరుగుతున్నంతసేపూ నేను వరండా ఈ చివరి నుంచి ఆ చివరికి తిరుగుతూనే ఉన్నాను. లోపలి నుంచి ప్రొఫెసర్ గొంతు వినిపిస్తూ ఉంది, క్లాసులో లాగే, ఆగకుండా. అది వినిపించినంతసేపు నాకు కొంచెం ధైర్యం. ఉన్నట్టుండి అది ఆగిపోయింది. నేనూ ఆగిపోయాను. తలుపు తోసుకుని వెళ్ళాలనిపించింది. అప్పుడు మళ్ళీ ఆ గొంతే, ఈసారి చాలా నెమ్మదిగా, ఒక్కొక్క మాటా విడివిడిగా. ఏమంటున్నాడో తెలియలేదు.

లోపల జరిగింది డాక్టర్ భయ్యా తర్వాత చెప్పాడు. శుక్లం బయటికి తీసేటప్పుడు పట్టు జారింది. భయ్యా చెయ్యి బిగుసుకుపోయింది. అంతకుముందు అలాంటిది ఎదురైనప్పుడు తన చేతిలో ఒక కన్ను పోయిందట, అదే కళ్ళముందు కనిపించింది. ప్రొఫెసర్ పరికరం లాక్కోలేదు. "చెయ్యి తీయకు. ఊపిరి వదులు. ఇప్పుడు నేను చెప్పింది మాత్రమే చెయ్యి" అని వెంట్రుకవాసి కదలికలతో సహా చెప్పి బయటపడేశాడు.

"మరి ఆపరేషన్ చేసింది ఎవరు భయ్యా?" అన్నాను.

"చెయ్యి నాదే" అన్నాడాయన. అంతకు మించి చెప్పలేదు.

నన్ను ఇప్పటికీ కుదురుగా కూర్చోనివ్వనిది ఇదే. ఆ ముసలి ప్రొఫెసర్ తన చేత్తో చేసి ఉంటే కన్ను పోయేదేమో. ఆయన పక్కన లేకపోతే తప్పకుండా పోయేది. ఇందులో ఎవరు మెరుగైన వైద్యుడో తేల్చమంటే నా వల్ల కాదు. తేలిగ్గా తేల్చేసేవాళ్ళని చూస్తే ఒళ్ళు మంట.

ప్రొఫెసర్ తిరుగు ఓడకి వెళ్ళిపోయాడు. చూపు వచ్చిందో లేదో టెలిగ్రాం ఇమ్మన్నాడు. నాన్న రెండు కళ్ళకీ కట్లతో, తల కదలకుండా రెండు పక్కలా ఇసుక సంచులతో, వెల్లకిలా పడుకుని ఉన్నాడు. కదలకూడదని చెప్పిన కొద్దీ కాళ్ళు ఆడించేవాడు. వార్డులో అందరినీ ఏ ఊరు, ఎవరి తాలూకు అని అడిగేవాడు. చూపు వస్తుందా అని మాత్రం ఎవరినీ అడగలేదు. కట్టు విప్పే ముందు డాక్టర్ భయ్యా నన్ను పక్కకి పిలిచాడు. "నొప్పి వచ్చిన రోజుల్లో నరం కొంత పోయుంటది, అలాంటప్పుడు పక్క చూపు ముందు పోద్ది. ఎంత మిగిలిందో చూద్దాం చెల్లీ" అన్నాడు.

నేను మంచం మీద, నాన్న కుడి పక్కన, చెయ్యి పట్టుకుని కూర్చున్నాను. డాక్టర్ భయ్యా కట్టు విప్పి, మందపాటి అద్దం ఒకటి ఆ కంటి ముందు పెట్టాడు. నాన్న రెప్పలార్పాడు. నీళ్ళు కారాయి. తర్వాత ఎదురుగా ఉన్న మనిషిని తేరిపార చూశాడు.

"ఎవులు బాబూ మీరు?"

"నేనే మామా."

నాన్న ఆ ముఖాన్ని చాలాసేపు చూశాడు. ఈయన చదువై దీవికి తిరిగొచ్చేసరికే నాన్నకి ముఖాలు కనబడడం మానేశాయని నాకు అప్పుడు గుర్తొచ్చింది.

"తల నెరిసిపోనాదేటి బాబూ" అన్నాడు మెల్లగా. "నాకింకా నిక్కరేసుకున్న గుంటడివే. ఈ తల ముందే కనబడుంటే ఓడ కోసం ఆగీవోణ్ణి కాదు డాక్టరు గోరూ."

నాన్న నా చెయ్యి ఇంకా వదల్లేదు. ఎదురుగానే చూస్తూ, "అమ్మి ఏదీ? సెయ్యి నా సేతిలోనే ఉంది, మనిసి కనబడదేటి?" అన్నాడు.

నేను లేచి, మంచం చుట్టూ తిరిగి వెళ్ళి, డాక్టర్ భయ్యా పక్కన నిలబడ్డాను.