మా బావ చేసిన ట్రాక్టర్

"ఆఁ, గట్లనే కొట్టు బావా. పల్చగ కాదు, మందంగ. మెరుపు రావాల్నా వద్దా?"

ఫోన్ల స్ప్రే డబ్బ బుస్సుమంటున్నది. నేను బోధన్ల మా ఇంట్ల కూసోని, నవ్వు వినవడకుంట నోట్లె చున్నీ కుక్కుకున్న. అవతల నిజామాబాద్ల తన మొబైల్ షాపుల మా అక్క మొగడు. బొమ్మ ట్రాక్టర్‌కు రంగేస్తుండు, జిందగీల మొదటిసారి.

ఎందుకు నవ్వుతున్ననో చెప్త.

నాకు బొమ్మ బండ్ల పిచ్చి. గవే, అరచేతిల పట్టే ఇనుప బండ్లు. టిన్నర్ల నానేసి పాత రంగు గీకేస్త, కొత్తది ఏస్త. టెన్త్‌తోనే సదువు బందైంది. బట్టలు కుట్టంగ మిగిలిన టైమంత గీ పనే. పోయినేడు మా బాపు కోసం ఒక లారీ చేసిన. ఎన్కట బాపు రెంజల్ దిక్కుకెళ్లి ఫ్యాక్టరీకి చెరుకు తోలిన లారీ అసొంటిదే. ఎర్ర క్యాబిన్, పసుపు చెక్కలు, చెరుకు గడలకు చీపురు పుల్లలు. ఎడమ మడ్‌గార్డుకు పట్కారుతోని చిన్న సొట్ట గూడ పెట్టిన. బాపు గా సొట్ట మీద వేలు పెట్టి, "కల్వర్టు కాడ తగిలింది గదా బిడ్డా" అన్నడు. నాకు గంతే సాలు.

గా లారీని బావ "షాపుల రెండ్రోజులు పెట్టుకుంట మరదలా" అని ఎత్కపోయిండు. మల్ల తేలే. ఒకరోజు ఫోన్ల వీడియో సూస్తే, షోకేసుల నా లారీ, పక్కకు బావ మూతి. "నేనే చేసిన. గా సొట్ట సూడుండ్రి, ఎంత ఒరిజినల్ ఉన్నదో!"

ఒళ్లు మండింది. ఎంబడే ఫోన్ కొట్టిన.

"నా లారీ నాకియ్యి బావా. లేకుంటే మా మరదలు చేసిందని చెప్పు."

"ఆడిపిల్ల బొమ్మలకు రంగేస్తదంటే నవ్వుతరే పిల్లా. ఇంట్లదే గదా, ఎవలు చేస్తే ఏంది?"

బాపుకు చెప్తే "అల్లునితోని లొల్లెందుకు" అన్నడు. అన్నడు గని, అలమార్ల ఖాళీ జాగ దిక్కు సూసుకుంటనే అన్నడు. గప్పుడే అనుకున్న, వీన్ని ఇడిసిపెట్టద్దని.

నా అదృష్టం, ధర్పల్లి రైతొకాయన వీడియో సూసి బావ షాపుకొచ్చిండు. "నా ట్రాక్టర్ గిట్లనే చేసియ్యి, రేపు పొద్దుగాల వస్త" అని ఫోటో ఇచ్చి పోయిండట. బావ పరేషానై, బజార్ల ఒక బొమ్మ ట్రాక్టర్ కొనుక్కొచ్చి నాకే ఫోన్ కొట్టిండు. ఏ బ్రష్షు, ఏ రంగు, అంత సక్కగనే చెప్పిన. ఒక్కటే చెప్పలే. ఆయిల్ పెయింటు మంచిగ ఆరకముందే మీదికెళ్లి మెరుపు స్ప్రే మందంగ కొడితే, కింది రంగు లేస్తది. నా మొదటి బండ్లన్ని గట్లనే ఖరాబైనయి.

"మరదలా... గిదేందే? పాల మీది మీగడ తీర్గ ముడుతలొస్తున్నయి!"

"అయ్యో, నాకేం ఎరుక బావా? లారీకి రాలే గదా. గది గూడ నువ్వే చేస్తివి!"

టక్కున ఫోన్ కట్ చేసిండు.

తెల్లారి మొదటి బస్సుకే నిజామాబాద్ పోయిన. బావ ఇంకా లేవలే, అక్కనే షాపు షట్టర్ తీసింది. షోకేసుల కెళ్లి నా లారీ తీసి సంచిల ఏసుకున్న. దాని జాగల ముడుతల ట్రాక్టర్‌ను రోడ్డు దిక్కు మొఖం చేసి పెట్టిన. అద్దానికి చీటి అతికిచ్చిన: "ఇది మా బావ సొంత చేతులతోని చేసిండు."

అక్క చీటి సదివి, రోడ్డు దిక్కు సూసింది. "రైతొచ్చే టైమైంది. జర గట్టిగ అతికియ్యి, ఊడిపోతది."

ఇంకో టేపు ముక్క ఏసిన.