ఈత రాని టీచరు

కొల్లేటి పక్కనున్న హైస్కూల్లో సైన్సు చెప్పే స్టెల్లాకి అగ్నిపర్వతాలంటే గిట్టదు. సైన్స్ ఫెయిర్ అనగానే ఏలూరు షాపులో కొన్న థర్మోకోల్ కొండ పట్టుకొస్తే, "మీ ఊళ్ళో ఎక్కడ పేలిందిరా ఇది?" అంటుంది. ఆమెకి గిట్టనిది ఇంకోటుంది: మగపిల్లలు మోటార్లు తిప్పుతుంటే, ఆడపిల్లలు పోషకాహారం చార్టు పట్టుకుని నిలబడడం. నువ్వు ఇంజనీరువి కాలేవని మనం ఏ ఆడపిల్లకీ నోటితో చెప్పం. చేతికి చార్టిస్తాం, అంతే.

ఈసారి ఎనిమిదో తరగతి నాగదుర్గ ఏరేటర్ చేసింది. చేపల చెరువులో నీళ్ళు చిలికి గాలి కలిపే యంత్రమది. వాటర్ బాటిల్ ముక్కలే రెక్కలు, బొమ్మకారు మోటారు. టబ్బులో పెట్టి స్విచ్ నొక్కగానే బోర్లాపడింది.

"ఏరేటర్ కాదే, బోర్లాపడ్డ బాతు!" అన్నాడు ఆమె క్లాసువాడే సూర్యతేజ.

"బాతు బోర్లాపడదురా. ఆ మాత్రం తెలీదా?" అంది నాగదుర్గ. కళ్ళల్లో మాత్రం నీళ్ళు.

శుక్రవారంలోగా తేలకపోతే ఏలూరు ఫెయిర్‌కి చార్టే పంపుదామన్నారు హెడ్మాస్టరు. అసలు ఏరేటర్ని దగ్గర్నుంచి చూస్తేగాని తప్పెక్కడో తెలియదు. అదేమో ఊరి చేపల చెరువు నడిమధ్య ఉంది. కాపలా ఉండేది నాగదుర్గ తండ్రి ఏసుబాబే. కానీ ఆ చెరువులో ఆడవాళ్ళు పడవెక్కకూడదని పట్టింపు.

సాయంత్రం స్టెల్లా నాగదుర్గని వెంటబెట్టుకుని గట్టు మీదికి వెళ్ళింది.

"ఆడపిల్ల పడవెక్కితే చేపకి తెగులొస్తుందంటారండి మేడమ్ గారూ," ఏసుబాబు నసిగాడు.

"పోయినేడు తెగులొచ్చింది కదండీ. అప్పుడెవరెక్కారు?"

ఏసుబాబు బుర్ర గోక్కున్నాడు.

"ముందు నేనెక్కుతాను. నాకు ఈత రాదు, మీ అమ్మాయికొచ్చు. ములిగితే తనే తియ్యాలి."

"అయ్యబాబోయ్, అంత మాటనకండి!" అంటూనే ఏరేటర్ కరెంటు కట్టేసి, పడవ పట్టుకున్నాడు.

స్టెల్లా పడవ అంచుని రెండు చేతులా బిగించి కళ్ళు మూసుకుంది. వెనకే ఎక్కిన నాగదుర్గ, పడవ దగ్గరికి చేరగానే ఏరేటర్ కిందికి చెయ్యి పోనిచ్చి తడిమింది.

"మేడమ్! తేలే డబ్బాలు ఎడంగా ఉన్నాయి. నేను దగ్గరగా కట్టేశాను. మోటారు కూడా ఎత్తులో పెట్టేశాను!"

శుక్రవారం టబ్బులో ఏరేటర్ నిటారుగా నిలబడి నీళ్ళు చిమ్మింది. ఏలూరు ఫెయిర్‌లోనూ అంతే. చూడవచ్చిన ఆఫీసరు మాత్రం నాగదుర్గని వదిలేసి, పక్కనున్న సూర్యతేజని అడిగాడు: "ఎలా చేశావు బాబూ?"

"నాకేం తెలుసండీ? చేసింది అదండీ. దాన్నడగండి."

బహుమతి ఎవరో కొనుక్కొచ్చిన రాకెట్టుకి వెళ్ళింది. తిరుగు బస్సులో స్టెల్లా ఫోను మోగింది. ఏసుబాబు.

"మేడమ్ గారండీ, ఓసారి మా దుర్గకివ్వండి. చెరువులో రెండో ఏరేటర్ ఓ పక్కకి ఒరుగుతోంది. రేపొద్దున్న పడవ సిద్ధంగా ఉంచుతాను, వచ్చి చూస్తుందేమో అడుగుతానండి."