మీగడ రంగు డ్యాష్‌బోర్డు

నాగర్‌కర్నూల్‌లో అచ్చంపేట రోడ్డు పక్కన దావూద్ షెడ్డు. దానిని ఆనుకునే నా సీటు కవర్ల కొట్టు. కారుకు బయటి రంగు వేసేవాళ్లు చాలామందే ఉన్నారు. లోపలి ప్లాస్టిక్‌కు, తోలులా కనిపించే వినైల్‌కు రంగు నిలబెట్టడం దావూద్ పని. చేతుల జిడ్డు, అగరబత్తి పొగ, కొబ్బరినూనె తలలు ఆనిన మరకలు, వీటికి తోడు నిగనిగలాడాలని డ్రైవర్లు రుద్దే పాలిష్. అదంతా కడగాలి, సాండ్ పేపర్‌తో గరుకు చేయాలి, పలచగా పొర మీద పొర కొట్టాలి. ఎక్కడ కాస్త జిడ్డు మిగిలినా ఎండాకాలంలో రంగు పెచ్చులు లేస్తుంది. అంత ఓపికే నాకుంటే ఎప్పుడో బాగుపడేవాణ్ని.

అతనికి ఒక మొండిపట్టు ఉంది. డ్యాష్‌బోర్డు పైభాగానికి మెరుపు పూత వేయడు. "ఎండ దానిమీద పడి అద్దంల తేలుతది, ముందర రోడ్డు కనబడది" అంటాడు. ఆ మాటకు మూతి ముడుచుకుని వెళ్లిపోయిన గిరాకీలను చూసి నేను అతన్ని నానా తిట్లు తిట్టేవాణ్ని.

బల్మూర్ లక్ష్మణ్ మాత్రం వెళ్లిపోలేదు. చాలా ఏళ్లు పరాయి బండ్లు నడిపి చివరికి సొంతంగా కొనుక్కున్న ట్యాక్సీ అతనిది. పెద్దవాళ్ల కార్లలోలాగా లోపల మీగడ రంగు ఉండాలి, తళతళా మెరవాలి. దావూద్ వద్దన్నాడు. లక్ష్మణ్ రోజూ వచ్చి షెడ్డు ముందు కూర్చున్నాడు, గడ్డం పట్టుకుని బతిమాలాడు. "జర నా ముచ్చట తీర్చు భాయ్, ఏమన్నైతే జిమ్మేదారి నాది" అన్నాడు. దావూద్ మెత్తబడి వేసిపెట్టాడు.

ఆ వేసవిలో ఒక సాయంత్రం లక్ష్మణ్ ఖాళీ కారుతో బల్మూర్ నుంచి వస్తూ, రోడ్డు వారగా మేకలు తోలుకుపోతున్న చిన్నమ్మ అనే ముసలామెను గుద్దాడు. ఆమె అక్కడికక్కడే ప్రాణం విడిచింది. తిన్నని రోడ్డు, బ్రేకు వేసిన జాడ లేదు. తాగలేదని పరీక్షలో తేలింది. మరైతే నిద్రపోయి ఉంటాడని ఊరు తీర్పు చెప్పేసింది. తెల్లటి వెలుగు తప్ప ఏమీ గుర్తు లేదని లక్ష్మణ్ మొదట్లో అన్నాడు. అందరూ అదే మాట అనగా అనగా, తనకు కునుకు పట్టిందని అతనూ నమ్మాడు. బెయిలు మీద వచ్చాక గడప దాటడం మానేశాడు.

మొన్న అతని బామ్మర్ది ఆ కారును షెడ్డుకు తెచ్చాడు. కొనేవాడు దొరికాడట, మీగడ రంగు తీసేసి మామూలు నలుపు వేయమన్నాడు. పొద్దు వాలుతుండగా దావూద్ కారును, ఆ సాయంత్రం లక్ష్మణ్ వచ్చినట్టే, పడమటి దిక్కుకు తిప్పి ఆపి, నన్ను కేకేశాడు.

"మాసన్నా, జర ఇందుల కూసో."

కూర్చున్నాను. రోడ్డు ఉండాల్సిన చోట అద్దం నిండా పాలు ఒలకబోసినట్టు తెల్లటి వెలుగు. ఎదురుగా వస్తున్న లారీ దగ్గరికి వచ్చేదాకా నాకు కనబడనే లేదు.

"లక్ష్మణ్ నిద్రపోలే" అన్నాడు దావూద్.

"నోరు మూసుకో. రేపు నలుపు కొట్టేస్తే ఎవనికీ తెల్వదు. చెప్పినవంటే నిన్ను కూడ కేసుల ఇరికిస్తరు" అన్నాను.

"గాయనకు తెల్వద్దా? చేయని తప్పు మోస్తుండు."

మర్నాడు ఆ కారును ముట్టుకోకుండానే నన్ను నా బండి మీద బల్మూరుకు బయలుదేరదీశాడు. లక్ష్మణ్ మంచం మీద ఉన్నాడు, గడ్డం మాసిపోయి, మనిషి సగమయ్యాడు. అతని భార్య సౌందర్య మంచినీళ్లు ఇచ్చింది. దావూద్ ఏదీ దాచలేదు.

"నువ్వు నిద్రపోలే తమ్మీ. నేనేసిన రంగే రోడ్డు కనబడకుంట చేసింది. ఎంత బతిమాలినా నేను ఏయకుండ ఉండాల్సుండె. కోర్టుకొచ్చి గిదే చెప్త."

సౌందర్య ఏడ్చేసింది. "మా ఆయన గట్ల నిద్రపోయెటోడు కాదని చెప్తనే ఉన్నన్నా, ఎవ్వరూ ఇనలే" అంటూ నవ్వింది కూడా. ఆ నవ్వు చూసి, వచ్చింది మంచిదే అయిందనుకున్నాను.

లక్ష్మణ్ మాత్రం ఆమె వైపు చూడలేదు.

"నువ్వు వద్దంటివి కద భాయ్" అన్నాడు. "నేనే నీ ఎంబడి పడి ఏయించుకుంటి."

"గదంత ఇప్పుడెందుకు తమ్మీ" అన్నాడు దావూద్.

"నిద్రంటే ఎవనికైనా వస్తది అనుకుంటి. గా ముసలామెకు రోజు దండం పెట్టి, కునుకొచ్చింది అవ్వా, మన్నించు అని చెప్పుకుంటుంటి."

సౌందర్య ముఖం పాలిపోయింది. అప్పుడు నాకు దావూద్ మీద ఎక్కడలేని కోపం వచ్చింది. ఆ నిద్రనన్నా ఇతనికి మిగల్చొద్దా అనిపించింది.

లక్ష్మణ్ మంచం దిగి దావూద్ చెయ్యి పట్టుకున్నాడు. "ఇయ్యాల దండం పెట్టి ఏమని చెప్పాలె భాయ్? కారు మెరవాలని ముచ్చటపడ్డ, గందుకే నువ్వు కనబడలే అవ్వా, అని చెప్పాలెనా?"