రెడ్డెమ్మ చెప్పింది, నేను చెప్పనిది

ఇన్నేళ్లుగా ఈ బరువు మోస్తున్నాను. మీరెవరో నాకు తెలియదు. అందుకేనేమో మీకు చెప్పగలుగుతున్నాను.

రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో మదనపల్లెలో ఒక ఆస్పత్రిలో నర్సుగా ఉండేదాన్ని. మా డాక్టరుగారు ఉత్తరాది మనిషి, తెలుగు రాదు. మా ఇంట్లో ఉర్దూ మాట్లాడతాం కాబట్టి రోగుల మాట ఆయనకు హిందీలో చెప్పే పని నాది. పుంగనూరు దగ్గర చౌడేపల్లె నుంచి వచ్చిన రెడ్డెమ్మకు దగ్గితే చాలు, మూత్రం పడిపోయేది. లోపల వల లాంటి టేపు పెట్టి మూత్రనాళాన్ని ఎత్తిపట్టే ఆపరేషన్ ఉందని, నచ్చజెప్పి ఒప్పించింది నేనే.

ఆపరేషన్ అయ్యాక మూత్రం పడిపోవడం ఆగింది. ఆరు నెలలకు ఆమె మళ్లీ వచ్చింది. లోపల ఏదో గుచ్చుకుంటోందని, రక్తం మరకలవుతున్నాయని, కాపురంలో భర్తకూ గీసుకుంటోందని, సిగ్గు చంపుకుని డాక్టరు ఎదుటే నాకు చెప్పింది. ఎంతసేపు చెప్పిందో! ఆయన నావైపు చూశారు. బాగానే ఉందట సార్, అన్నాను. ఆయన పరీక్ష చేయకుండానే పంపేశారు.

ఎందుకన్నాను? మగ డాక్టరు ముందు ఆ మాటలకు నోరు రాలేదని చాలాకాలం నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. అది సగమే నిజం. ఒప్పించింది నేను కదా, మాట నా మీదికి వస్తుందని భయపడ్డాను, ఆ భయానికి సిగ్గని పేరు పెట్టుకున్నాను. అదే సర్దుకుంటుందని డాక్టరు అన్నారని ఆమెతో చెప్పాను. ఆయన ఆ మాట అననే లేదు.

రెండేళ్ల తర్వాత నాకోసం జున్నుపాలు తీసుకుని వచ్చింది. టేపు లోపలి చర్మాన్ని కోసుకుని బయటికి వచ్చిందట. కుప్పంలో రెండుసార్లు ఆపరేషన్ చేసి ముక్కలుగా తీశారట. మూత్రం మళ్లీ పడుతోందట.

"ఆ పొద్దు నువ్వు సెప్పలేదని నాకు తెలుసు సిస్టరమ్మా," అంది మెల్లగా. "ఆ బాస నాకు రాదు. అయినా నేను అంతసేపు సెప్తే నువ్వు ఒక్క ముక్క సెప్పినావు."

"మరి అప్పుడే ఎందుకు అడగలేదమ్మా?"

"నీ సేతులు వణకతా ఉండె. సూసి గమ్మునైపోతి."

అంత నొప్పిలో ఈమె నా చేతులు చూసిందా? మనిషి మనసులో ఇంత చోటుంటుందా? అప్పుడైనా తప్పయిందని అనలేదు. జున్నుపాలు తీసుకుని లోపలికి వెళ్లిపోయాను. నన్ను క్షమించిందో లేదో తెలియదు. ఇక అడగలేను కూడా.

నొప్పిగా ఉందని ఆమె చెప్పింది. బాగుందని నేను చెప్పాను. ఈ రెండు వాక్యాలు రాయడానికి నాకు ఇన్నేళ్లు పట్టింది. రాశాక ఊపిరి కాస్త తేలిగ్గా ఆడుతోంది.