అట్లాంటి పిల్ల ఇక్కడ లేదు

గదికో కుటుంబం ఉండే మా చాల్ ఫాక్‌లాండ్ రోడ్డు వెనక సందులో ఉంది. పత్రికలో పని మానేశాక సాయంత్రాలు మొదటి అంతస్తు వసారాలోనే గడుపుతున్నాను. మా పక్క గది అమ్మాయి పన్నెండో తరగతి పాసై రెండేళ్లుగా పని వెతుక్కుంటోంది. తాత ఈ నగరంలో మేడలకు రాళ్లు మోశాడు. తల్లి నాలుగిళ్లలో వంట చేస్తుంది.

అలాంటి ఇళ్ల పిల్లలకోసం ప్రభుత్వం ఒక పథకం పెట్టింది. ఆరు నెలలు జీతమిచ్చి పని నేర్పిస్తారు. ఈ పేటవాళ్లకని విడిగా కొన్ని చోట్లు ఉంచారు. అమ్మాయికి ప్రభుత్వాసుపత్రి ల్యాబులో చోటు దొరికింది. ఆమె నిజంగా ఇక్కడే ఉంటోందా అని ఆఫీసు మనిషి వచ్చి చూసి వెళ్లడమే మిగిలింది.

ఒక సాయంత్రం మెట్ల దగ్గర గదిలో ఉండే అవ్వ గొప్పగా చెప్పింది: "పగటీలి ఒకడొచ్చిండు. బూట్లు, బ్యాగు. ఫోన్ల మన పిల్ల ఫోటో చూపెట్టి యాడుంటదన్నడు. అట్లాంటి పిల్ల ఇక్కడ లేదు పో అన్న. పాన్ దుకానపోడు సుత అదే చెప్పిండు. వాపస్ పోయిండు."

అమ్మాయి మొహం పాలిపోయింది. "అవ్వా, ఆయన ఆఫీసాయన! రేపటిదాంక నా ఇల్లు ఎవ్వరు చూపియ్యకుంటే చోటు ఇంకొకరికి ఇస్తరు!"



అవ్వను తప్పు పట్టలేను. కొత్త మగవాడు ఆడపిల్ల గురించి అడిగితే మా సందులో ఎవరూ నోరు విప్పరు. ఆడవాళ్లను బేరమాడే ఈ పేటకు ఎవరెవరు ఏం వెతుక్కుంటూ వస్తారో చూస్తూ బతికినవాళ్లు మరోలా ఎలా ఉంటారు? అలాగని పథకం రాసినవాళ్లనూ అనలేను. ఇల్లు చూడకపోతే ఈ చోట్లు పలుకుబడి ఉన్నవాళ్లు ఎత్తుకుపోతారు. కాకపోతే ఆ మనిషిని పంపేముందు అమ్మాయికి ఒక కబురు పెట్టి ఉండాల్సింది.

మర్నాడు పొద్దున్నే తల్లి పనికి సెలవు పెట్టింది. నలుగురం ఆఫీసుకు వెళ్లాం. గుమాస్తాను చూడగానే అవ్వ నా చెయ్యి గిల్లింది. "వీడే!"

అధికారిణి నడివయసు మరాఠీ ఆవిడ. "ఈ అమ్మాయి మీకు తెలుసా?" అని హిందీలో అడిగింది.

అవ్వ గుమాస్తా వైపు ఒకసారి చూసి, అమ్మాయి వైపు తిరిగి మెల్లగా అడిగింది. "చెప్పాల్నా బిడ్డా?"

"చెప్పవ్వా. సర్కారోళ్లే."

అప్పుడు అవ్వ కొంగు సర్దుకుని మరాఠీలో అంది. "మాఝీ నాత్." నా మనవరాలు అని. రక్తసంబంధమేమీ లేదు. ఆ పిల్ల పుట్టినప్పుడు మొదటి నీళ్లు పోసింది మాత్రం తనే.

"మరి నిన్న లేదన్నారట?"

"నిన్న నువ్వు రాకపోతివి గదా బాయీ, ఈయన్ని పంపితివి."

అధికారిణి నవ్వు ఆపుకోలేకపోయింది. గుమాస్తాను మళ్లీ మా వెంట పంపింది. ఈసారి అవ్వే ముందు నడిచి గది తలుపు తీసి చూపించింది. అతను ఫోటో తీసుకున్నాడు. సోమవారం పనిలో చేరమని అమ్మాయికి అక్కడే చెప్పేశాడు. తల్లి గడపమీద కూలబడి కళ్లు తుడుచుకుంది.

చాయ్ తాగి వెళ్తున్న గుమాస్తాకు అవ్వ జాగ్రత్త చెప్పింది. "ఇంకోపారి వస్తే ముంగట నన్ను అడుగు."

"నిన్న మిమ్మల్నే కదా ఆజీ అడిగింది," అన్నాడతను.