కనుమలో నిలబడ్డవాడి వాటా

పనసగరువులో సెల్‌ఫోన్‌కి సిగ్నల్ తగిలే చోటు ఒక్కటే. రమణి ఇంటి అరుగు, దాన్ని ఆనుకున్న ముందు గది. ఊరి చివర వాలు మీద, అరకు టవర్‌కి ఎదురుగా ఇల్లు పడడం వల్ల వచ్చిన వైభోగం అది. హాస్టల్లో పిల్ల అన్నం తిన్నదో లేదో కనుక్కోవాలన్నా, కాఫీ గింజల ధర అడగాలన్నా ఊరంతా ఆ అరుగెక్కాల్సిందే. అంతమంది వచ్చిపోయే ఇంట్లో ఉండి కూడా రమణి ఒంటరిది. వచ్చినవాళ్లు ఎక్కడో ఉన్నవాళ్లతో మాట్లాడుకుని దిగిపోతారు. గోడకి వీపు ఆనించినవాళ్లు గోడని పలకరిస్తారా మరి?

ఇరవై తొమ్మిదేళ్లు ఆమెకి. తల్లి చిన్నప్పుడే పోయింది. తండ్రి గాసి పోయి రెండు వానాకాలాలు అయింది. పాడేరులో డిగ్రీ చదివి, నాలుగు ఉద్యోగ పరీక్షలు రాసి, నాలుగూ తప్పి, ఇంటి వెనకాల ఉన్న కాఫీ మొక్కల దగ్గరికి తిరిగి వచ్చేసింది.

అలాంటి మనిషికి ఎక్కడో పశ్చిమ ఆఫ్రికాలో ఆడే బేస్‌బాల్ లీగ్‌లో ఉద్యోగం ఎలా వచ్చిందని అడిగితే, ఉబ్బసం వల్ల వచ్చిందని చెప్పాలి. ఆశ్రమ పాఠశాలలో ఆటల మాస్టారు పిల్లలందరికీ బేస్‌బాల్ నేర్పితే, నాలుగడుగులు పరిగెత్తగానే పిల్లికూతలు పడే రమణి చేతికి స్కోరు పుస్తకం ఇచ్చారు. జట్టుతో పాటు మూడు ఊళ్లు తిరిగింది, ఒక్కసారీ బంతి ముట్టుకోకుండా. ఆ పుస్తకం తాలూకు సర్టిఫికెట్టే పదమూడేళ్ల తరవాత విశాఖపట్నంలో ఒక కంపెనీకి కనిపించింది. ఆఫ్రికా లీగ్ వాళ్ల మ్యాచ్‌లు వీడియోలో చూస్తూ, ప్రతి బంతికీ ఏం జరిగిందో ట్యాబ్‌లో నొక్కే పని ఆ కంపెనీ పట్టింది. లీగ్‌కి అదే మొదటి సీజన్. ఆరు జట్లు. లోమే ఊరి జట్టు మ్యాచ్‌లన్నీ రమణికి వచ్చాయి. ఆ జట్టు పేరు జాలర్లు.

అక్కడ పొద్దున్న పది గంటలంటే ఇక్కడ మధ్యాహ్నం మూడున్నర. వారానికి రెండు మ్యాచ్‌లు. మూడున్నరకల్లా రమణి తలుపు వేసుకునేది.

"ఏటే రమణీ, పట్టపగలు తలుపేసుకుని ఏటి సేత్తన్నావు?" అంది అరుగు మీద నుంచి పక్కింటి కృపావతి.

"ఆట రాత్తన్నాను పిన్నీ."

"ఆడేవోళ్లు ఆడతారు, సూసేవోళ్లు సూత్తారు. రాసేవోళ్లు కూడా ఉంతారేటి?"

"ఉంతారు."

"గెలిత్తే నీకేటిత్తారు?"

"ఏటీ ఇవ్వరు."

"ఓడిపోతే తిడతారా?"

"తిట్టరు పిన్నీ."

"అయితే నిన్నెవులు సూత్తారే గుంటా?" అని కృపావతి ఫోన్‌లో తన కూతురి నంబరు నొక్కుకుంది. లోపల రమణి ట్యాబ్ మీదకి వంగింది. అప్పటికే మ్యాచ్ మొదలైంది.

బేస్‌బాల్ తెలియనివాళ్లు భయపడనక్కర్లేదు. ఈ కథకి కావలసింది గుప్పెడంత. కొట్టినవాడు ఒకటో బేస్‌కి, అంటే మైదానంలో గుర్తు పెట్టిన మొదటి మజిలీకి, పరిగెడతాడు. బంతి పట్టినవాడు దాన్ని ఒకటో బేస్ దగ్గరున్నవాడికి విసురుతాడు. బంతి ముందు చేరితే అవుట్. ఆ విసురు తప్పితే బంతి వెనకాల ఖాళీలోకి పోతుంది, కొట్టినవాడు ఇంకా ముందుకి పరిగెడతాడు. అందుకని కుడివైపు దూరంగా నిలబడే రైట్ ఫీల్డర్, బంతి కొట్టిన ప్రతిసారీ ఆ ఖాళీలోకి పరిగెత్తుకు రావాలి. రావాలని అందరికీ తెలుసు. నూటికి తొంభైసార్లు విసురు తప్పదు కనక ఎవరూ రారు.

జాలర్ల రైట్ ఫీల్డర్ వచ్చేవాడు. పేరు ఎలికెమ్. సన్నగా, పొడుగ్గా, మోచేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియనట్టుండేవాడు. బ్యాటింగ్ అంతంతమాత్రం. కానీ ప్రతి బంతికీ ఆ మూల నుంచి పరిగెత్తుకుంటూ వచ్చి ఒకటో బేస్ వెనకాల నిలబడేవాడు. అవుట్ అయ్యేది. ముందున్నవాళ్లు ఒకళ్ల చేతులు ఒకళ్లు చరుచుకునేవాళ్లు. ఎలికెమ్ వెనక్కి తిరిగి, తల దించుకుని, అంత దూరమూ ఒక్కడే నడుచుకుంటూ వెళ్లిపోయేవాడు.

జనవరిలో అక్కడ ఎడారి గాలి వీస్తుంది. దుమ్ముకి ఆకాశం బూడిదరంగైపోతుంది. ఇక్కడ కిటికీ బయట మంచు. రెండు చోట్లా మనుషులు సగం సగమే కనిపించేవారు. ఆ సగం మనిషి ఎప్పుడు వస్తాడా అని రమణి తెర కుడి అంచుకేసి చూసేది. వచ్చాడంటే ఒక మీట నొక్కేది.

అసలు తప్పు ఆ మీటే. అవుట్ చెయ్యడానికి సాయపడ్డవాళ్లకి 'అసిస్ట్' అని ఒకటి రాస్తారు. బంతిని ముట్టుకున్నవాళ్లకే రాయాలి. రెండు రోజుల శిక్షణలో, సాయపడ్డ ప్రతివాళ్లకీ రాయమన్నారు. ముట్టుకోవాలన్న సంగతి ఎవరూ విడిగా చెప్పలేదు, అందరికీ తెలిసినదే కదా అని. రమణికి తెలిసింది వేరు.

ఇప్పుడంటే పేరుకే గాని, ఆమె చిన్నప్పుడు చైత్ర పండక్కి మగవాళ్లంతా నిజంగానే వేటకి వెళ్లేవారు. కొందరు తుప్పల్లో కేకలేసి తోలేవారు. కొందరు బాణాలతో కాచేవారు. ఒకడు మాత్రం జంతువు తప్పించుకుపోకుండా దూరంగా కనుమలో అడ్డంగా నిలబడాలి. ఆ ఒకడు గాసి. ఏడేళ్లో ఎనిమిదేళ్లో నిలబడ్డాడు, ఒక్కసారీ అటు ఏదీ రాలేదు. సాయంత్రం ఊరి పెద్ద మంగరాజు అడ్డాకులు పరిచి వాటాలు వేసేవాడు. కొట్టినవాడికి తల, తొడ. మిగిలింది అందరికీ సమానం, కుక్కతో సహా.

"కనుమలో ఎవులున్నారు?" అనేవాడు మంగరాజు.

"నానున్నాను," అనేవాడు గాసి.

అంతే. రెండో ప్రశ్న లేదు. చూసినవాళ్లెవరూ ఉండరు మరి. వాటా ఆకులో పడేది. రమణి ఆ వాటా తిని పెరిగింది. కాబట్టి ఎలికెమ్ వెనకాల వచ్చి నిలబడగానే అతని నంబరు నొక్కింది. ఒక్కసారి కూడా అనుమానం రాలేదు. వేరే ఫీల్డర్లు వచ్చి ఉంటే వాళ్లకీ నొక్కేది. వాళ్లు రాలేదు, అది ఆమె తప్పు కాదు.

ఫిబ్రవరిలో లీగ్ వాళ్లు ఫీల్డింగ్ లెక్కలు బయట పెట్టారు. రైట్ ఫీల్డర్ల అసిస్టుల్లో ఎలికెమ్ మొదటివాడు, నూట ముప్ఫై పైచిలుకు. రెండోవాడు కుమాసి జట్టు ఆటగాడు, తొమ్మిది. కొత్త లీగ్ కదా, అంకె ఎంత పెద్దదైతే అంత గొప్పనుకున్నారు. ఎలికెమ్‌ని ఆ వారమే పంపించేద్దామనుకున్న కోచ్ ఈ లెక్క చూసి ఉంచుకున్నాడని వ్యాఖ్యాత చెప్పగా విని, రమణి ఆ సాయంత్రం ఒక్కర్తే టీ పెట్టుకుని రెండు గ్లాసుల్లో పోసుకుంది. రెండోది చల్లారాక అదీ తనే తాగింది.

మార్చి మొదటి వారంలో విశాఖపట్నం నుంచి దుర్గాప్రసాద్ ఫోన్ చేశాడు. ఈ పని చూసే సూపర్‌వైజర్. మంచివాడే, కంగారు మనిషి.

"రమణి గారూ, లోమేలో ఎవరో ముసలాయన ఉత్తరం రాశాడండి. చిన్నప్పట్నుంచీ బేస్‌బాల్ చూసినవాడట. రైట్ ఫీల్డర్‌కి నూట ఎనభై ఏడు అసిస్టులు ఏ దేశంలోనూ ఉండవన్నాడు. ఏంటండి ఇది?"

"ఉన్నాడు సార్ అక్కడ. ప్రతిసారీ ఉన్నాడు."

"ఉంటే ఉన్నాడండి. బంతి ముట్టుకున్నాడా?"

"ముట్టుకోలేదు. ముట్టుకునే పని పడలేదు."

"మరెందుకు రాశారు?"

రమణి చెప్పింది. వేట, కనుమ, అడ్డాకు, అన్నీ. ఫోన్ గరగరమంది. కట్ అయిందేమోనని అరుగు మీదకి వచ్చింది.

"ఉన్నానండి," అన్నాడు దుర్గాప్రసాద్. "మా ఆఫీసులో కూడా ఇలా రాస్తే నాకొక వాటా వచ్చేది. కానీ రూల్ రూలే కదా. శుక్రవారంలోగా అన్నీ తీసెయ్యాలి."

"ఫైనల్ పదో తారీకున కదా సార్. ఫైనల్ అయిపోనాక తీత్తే?" కంగారులో ఊరి మాట వచ్చేసింది.

"కుదరదండి. మీరు చెయ్యలేనంటే, మీకు ఒంట్లో బాగాలేదని రాస్తాను. ఇంకొకళ్లు చేస్తారు. ఒక్క గంట పని, నంబరు కొట్టి మొత్తం తుడిచెయ్యడమే. మీ ఇష్టం."

ఆమె రేపు చెప్తానంది.

తీసేస్తే ఎలికెమ్‌ని ఫైనల్‌లో ఆడనివ్వరు. అది పగలంత స్పష్టం. తీయకుండా నాలుగు రోజులు సాగదీస్తే ఇంకెవరో తీస్తారు. అయినా ఆమె పొద్దున్న కాఫీ మొక్కల మధ్య తిరుగుతూ ఆలోచించింది అది కాదు. కుమాసి ఆటగాడి గురించి. తొమ్మిదిసార్లు నిజంగా బంతి పట్టి, విసిరి, అవుట్ చేసినవాడు. లీగ్ వాళ్లు ప్రకటించిన సీజన్ మేటి జట్టులో రైట్ ఫీల్డర్ స్థానం అతనిది కావలసింది, ఎలికెమ్‌కి పోయింది. మంగరాజు ఏనాడూ గాసికి తల ఇవ్వలేదు. గాసి అడగలేదు కూడా. వాటా వేరు, తల వేరు. తను తల తీసి కనుమలో ఉన్నవాడి ఆకులో పెట్టింది.

"నేనే చేస్తాను సార్," అంది ఫోన్‌లో.

గంట పని ఆమెకి నాలుగు రోజులు పట్టింది. మొత్తం తుడిచెయ్యలేదు. నూట ఎనభై ఏడు చోట్లా ఆగింది. అసిస్ట్ తీసేసి, పక్కనే ఎవరూ వాడని రిమార్కుల గడిలో ఇంగ్లీషులో ఒక వాక్యం రాసింది. రైట్ ఫీల్డర్ ఒకటో బేస్ వెనకాల ఉన్నాడు. మళ్లీ ఇంకోటి. రైట్ ఫీల్డర్ ఒకటో బేస్ వెనకాల ఉన్నాడు. శుక్రవారం మధ్యాహ్నానికి మెడ పట్టేసింది. కృపావతి కిటికీలోంచి తొంగి చూసి, "బేగి లేసి నాలుగు మెతుకులు తినే," అని గంజి గిన్నె లోపలికి జరిపి వెళ్లింది.

ఫైనల్ రోజు జట్టు పట్టికలో ఎలికెమ్ పేరు లేదు. జట్టు వాళ్లు పంపేశారని వ్యాఖ్యాత ఒక్క ముక్కలో చెప్పి వాతావరణం గురించి మాట్లాడాడు. కుడి మూలన బలంగా ఉన్న కొత్తవాడు నిలబడ్డాడు. బంతి కొట్టినప్పుడల్లా రమణి కళ్లు తెర కుడి అంచుకి పోయేవి. ఎవరూ రాలేదు. ఒక్క విసురైనా తప్పి, బంతి ఆ ఖాళీలో పడి దొర్లితే బాగుండునని ఆశపడింది, పడినందుకు సిగ్గుపడింది. ఒక్క విసురూ తప్పలేదు. జాలర్లు సుఖంగా గెలిచారు. ఎలికెమ్ లేకపోవడం ఎవరికీ తెలియలేదు. ఆమె అన్నీ సరిగ్గా నొక్కి, ట్యాబ్ మూసి, దీపం వెయ్యకుండా కూర్చుంది.

సీజన్ లెక్కలు ఆ ఆదివారంతో మూసేస్తారు. ఆదివారం మధ్యాహ్నం దుర్గాప్రసాద్ ఒక మెయిల్ పంపాడు. పైన ఆయన ముక్క ఒకటే: ఇది మీకే అనుకుంటాను.

కింద ఉన్నది ఎలికెమ్ రాసింది. జట్టు నుంచి పంపించేటప్పుడు గుమస్తా అతని సీజన్ కాగితాలు అచ్చు తీసి చేతికిచ్చాడట. రిమార్కులతో సహా. అతను మీరెవరని అడగలేదు. అసిస్టులు ఎందుకు తీశారనీ అడగలేదు.

'నేను వెనకాల ఉన్నానని రాసినవారికి. మీరు నూట ఎనభై ఏడు రాశారు. నా లెక్కలో నూట ఎనభై ఎనిమిది. జనవరి పద్నాలుగు, కొటోనూ జట్టుతో మ్యాచ్, ఎనిమిదో ఇన్నింగ్స్, రెండో అవుట్. అప్పుడు కూడా వెళ్లాను.'

రమణి ఆ వీడియో తీసింది. ఆ రోజు దుమ్ము బాగా ఉంది. కెమెరా ఒకటో బేస్ మీదే బిగుసుకుపోయి ఉంది. కుడివైపు సగం తెరలోకి రానేలేదు. విసురు, అవుట్, చేతులు చరుచుకోవడం. వెనక్కి తిప్పి మళ్లీ చూసింది. ఐదుసార్లు చూసింది. కాలు లేదు, టోపీ లేదు, నేల మీద నీడైనా లేదు.

లెక్కలు మూయడానికి ఇంకా గంటన్నర ఉంది. మంగరాజు ఎప్పుడైనా కనుమ దాకా వెళ్లి అడుగుజాడలు చూశాడా?

ఆ అవుట్ పక్కనున్న రిమార్కుల గడి తెరిచి, మిగతా నూట ఎనభై ఏడు చోట్లా రాసిన వాక్యమే రాసింది. ఒక్క మాటైనా మార్చలేదు. సేవ్ నొక్కి, తలుపు తీసి బయటికి వచ్చింది. అరుగు మీద కృపావతి ఫోన్ పైకెత్తి గాలిలో తిప్పుతోంది.

"పని అయిపోనాదేటే?"

"అయిపోనాది పిన్నీ. సివర్న ఒకాయన అడిగినాడు, నానక్కడ ఉన్నాను, రాయలేదేటని."

"ఉన్నాడా మరి?"

"ఉన్నాడు."

"నువ్వు సూసినావా?"

రమణి జవాబు చెప్పేలోగా ఫోన్ కలిసింది. కృపావతి చెయ్యి అడ్డం పెట్టి, "అమ్మా, ఇనపడతందా?" అంటూ అరుగు ఆ చివరికి నడిచింది. రమణి గోడకి ఆనుకుని, వాలు కింద రోడ్డు కనిపించినంత మేరా చూస్తూ నిలబడింది.